పెద్దత్తయ్య వరుసలో ఉన్నారు

ఆ ఆదివారం పొద్దున ఇంజనీరు పెట్టుకున్న పని చాలా చిన్నది. భోజనం వేళకల్లా ఇంటి చాటింగ్ మొదలుపెట్టేయాలి, తిని హాయిగా ఓ కునుకు తీయాలి.

ఇంజనీరు అంటే నిజంగా ఇంజనీరు కాదు. చదివింది కామర్సు, నడిపేది కళ్ళజోళ్ళ దుకాణం. పెళ్ళైన కొత్తలో అత్తవారింట్లో మొరాయించిన టీవీని వెనక నుంచి ఒక్క చరుపు చరిచి బాగుచేశాడు. అప్పటి నుంచి ఆ పేరు అతుక్కుపోయింది. పిలిచేవాళ్ళు వెటకారంగా పిలిచినా అతను మాత్రం బిరుదులాగే పుచ్చుకున్నాడు.

ఈ చాటింగ్ పిచ్చి పట్టడానికి కారణం అత్తగారి మోకాళ్ళు. "మోకాళ్ళు పట్టేస్తున్నాయే" అని ఆవిడ కూతురికి ఫోనులో రాసిన మర్నాటి నుంచి, ఆవిడ ఫోను నిండా మోకాలి పట్టీల ప్రకటనలే. "మన మాటలు ఎవడో పొంచి వింటున్నాడు బాబూ" అని ఆవిడ హడలిపోయింది. "మన మాటలు మనింట్లోనే ఉండాలి అత్తయ్యా, నాకు వదిలేయండి" అన్నాడు ఇంజనీరు. దుకాణంలో మూలపడిన పాత కంప్యూటరు తెచ్చి, మెట్ల కింద చెప్పుల అర పక్కన పెట్టి, దానికి "మనిల్లు" అని పేరు పెట్టాడు. చుట్టాలూ స్నేహితులూ ఏం రాసుకున్నా ఆ డబ్బాలోంచే పోవాలి, ఆ డబ్బాలోనే ఉండాలి. మూడో మనిషి చెవిన పడకూడదు.

ఆ డబ్బా తనంతట తాను పంపే కబుర్లు కొన్ని ఉంటాయి. అవి ఇంగ్లీషులో వస్తే పెద్దవాళ్ళు తికమకపడతారని అన్నిటినీ కూర్చుని తెలుగు చేశాడు. ఎవరి ఫోనుకైనా సిగ్నల్ అందితే "వచ్చారు". తెగితే "వెళ్ళిపోయారు". పంపింది చేరకుండా ఆగితే "వరుసలో ఉన్నారు".

"ఎంత మర్యాదగా ఉందో చూడు" అని భార్యకి చూపించాడు.

"బాగుంది" అంది ఆవిడ, కూర కలుపుతూ, చూడకుండానే.

ఆవిడ ఆశ వేరే ఉంది. వాళ్ళమ్మకీ పెద్దమ్మకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. పెద్దమ్మ, అంటే ఇంజనీరుకి పెద్దత్తయ్య, కుట్టు బడి నడిపి మానేసిన మనిషి. ఊరికి అటు చివర ఓ పాత భవనంలో, ఐదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఇద్దరినీ ఒక చోటికి లాగితే ఎప్పటికైనా మాట కలవకపోతుందా అని కూతురి ఆరాటం. ఆ పొద్దున అందరూ ఒక్కొక్కరే మనిల్లులోకి వచ్చారు: అత్తగారు, ప్రింటింగ్ షాపు పెట్టుకున్న బావమరిది, దుకాణం పై వాటాలో ఉండే పళ్ళ డాక్టరు. చివరికి పెద్దత్తయ్య కూడా వచ్చి ఒకే ఒక్క ముక్క రాసింది: "చూస్తాను. మాట్లాడను."

అంతవరకూ అంతా బాగానే ఉంది. ఇంజనీరు ఫోను వంటింట్లో ఛార్జింగుకి పెట్టి, డబ్బా లోపలి ఫ్యాను గురకపెడుతోందని మెట్ల కింద దూరాడు. బయట మబ్బు కమ్మి పట్టపగలే ఇల్లంతా బూడిద రంగుకి తిరిగింది. అతను తిరుగుతున్న ఫ్యానుని వేలితో ఆపి రెక్కల దుమ్ము తుడుస్తుండగా వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. అది ఆవిడ గొంతులా లేదు.

"ఏమండీ... పెద్దమ్మ పోయిందటండీ."

లేవబోయి మెట్టుకి తల కొట్టుకున్నాడు. "ఎవరు చెప్పారు?"

"అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోంది."

అత్తగారికి ఫోన్ చేశాడు. "అత్తయ్యా, మీకెలా తెలిసింది?"

"మీ ఇంటి నుంచే కదా బాబూ కబురొచ్చింది!" అని ఆవిడ బావురుమంది.

భార్యే చెప్పి ఉంటుందనుకున్నాడు ఇంజనీరు. ఆయనే చెప్పి ఉంటాడనుకుంది భార్య. అంత దుఃఖంలో ఎవరు ముందు చెప్పారని ఆరా తీయడం ఏం బాగుంటుందని ఇద్దరూ ఊరుకున్నారు. పెద్దత్తయ్యకి ఫోన్ చేస్తే కలవలేదు. పోయినవాళ్ళ ఫోను కలవకపోవడంలో వింతేముందని ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఎందుకైనా మంచిది ఓ డాక్టరుండాలని పళ్ళ డాక్టరుని కారెక్కించుకున్నారు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని వెనక సీట్లో కూర్చుంది. బావమరిది చంకలో పెద్ద అట్టతో దారిలో ఎదురొచ్చాడు. పెద్దమ్మ ఫోటోని తలుపంత సైజు చేసి తెచ్చాడు.

"ఇంత తొందరగా ఎలా చేశావురా?" అన్నాడు ఇంజనీరు.

"సొంత మిషను కదా బావా" అన్నాడు వాడు ముక్కు చీదుతూ.

పెద్దత్తయ్య ఉండే వీధి వీధంతా కరెంటు లేదు. భవనం లోపల కాలు పెడితే బావిలోకి దిగినట్టుంది. కరెంటు లేదు గనుక లిఫ్టు సంగతే ఎవరికీ తట్టలేదు. ఫోను దీపాలు పట్టుకుని మెట్లెక్కారు. ఏ అంతస్తులోనూ చప్పుడు లేదు. కింది వాటాలన్నీ ఆఫీసులే, సెలవు రోజు కావడంతో అన్నిటికీ తాళాలు. వాళ్ళ అడుగుల చప్పుడు పైకి పోయి, కాసేపాగి, మరెవరో దిగుతున్నట్టు తిరిగి కిందకొచ్చేది. రెండు మూడు సార్లు పళ్ళ డాక్టరు ఆగి, పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చాడు.

ఐదో అంతస్తులో పెద్దత్తయ్య తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది.

లోపల ఎవరూ లేరు. బ్యాటరీ రేడియోలో ఎవరో సన్నని గొంతుతో వాతావరణం చెబుతున్నారు. కుట్టు మిషను సూది కింద సగం కుట్టిన గుడ్డ. బల్ల మీద కాఫీ గ్లాసు. ఇంజనీరు వేలితో ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది. దాని పక్కనే చదువుకునే కళ్ళజోడు. తాను స్వయంగా అద్దాలు అరగదీసి బిగించిన కళ్ళజోడది.

"ఇది లేనిదే అక్షరం చదవలేరే. ఇది వదిలేసి ఎక్కడికెళ్తారు?" అన్నాడు మెల్లగా.

"అక్కడ అవసరముండదేమో లెండి" అంది భార్య, అంతకంటే మెల్లగా.

"మనిషేదీ? ఎవరు తీసుకెళ్ళారు?" అని బావమరిది మంచం కింద కూడా వెతికాడు.

అప్పుడు ఆ చీకటి గదిలో అందరి ఫోన్లూ ఒక్కసారి వెలిగాయి.

మనిల్లు: పెద్దత్తయ్య వచ్చారు.

ఎవరూ కదల్లేదు. అత్తగారు తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు.

మనిల్లు: పెద్దత్తయ్య చూస్తున్నారు.

బావమరిది చేతిలో ఉన్న ఫోటోని గోడ వైపు తిప్పేశాడు.

మనిల్లు: పెద్దత్తయ్య ఏదో రాస్తున్నారు.

అందరూ ఫోన్లు గుండెలకి దూరంగా పట్టుకుని చూశారు. ఆ రాయడం ఎంతకీ తెమలదు. రేడియోలో వాతావరణం అయిపోయి బజారు ధరలు మొదలయ్యాయి. ఆవిడ రాస్తూనే ఉంది.

మనిల్లు: పెద్దత్తయ్య వెళ్ళిపోయారు.

మనిల్లు: పెద్దత్తయ్య వరుసలో ఉన్నారు.

"అక్కడ కూడా వరుసేనా?" అన్నాడు పళ్ళ డాక్టరు. అతని క్లినిక్కులో వరుస ఎప్పుడూ ఉండదు. అందుకే ఆ మాట అతణ్ణి ఎక్కువ బాధించింది.

అత్తగారు ఇక ఆ గదిలో నిలబడలేక వసారాలోకి పరిగెత్తి లిఫ్టు తలుపుకి ఆనుకుంది. అంతలో మళ్ళీ ఫోన్లు వెలిగాయి.

మనిల్లు: అత్తయ్య వెళ్ళిపోయారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కూడా వెనకే వచ్చిన కూతురి ఫోనులో చదువుకుంది. ముందు చేతుల వైపు చూసుకుంది, తర్వాత కాళ్ళ వైపు.

"నాకేం కాలేదే! నేను... ఉన్నాను కదమ్మా?" అని కూతుర్ని అడిగింది.

పళ్ళ డాక్టరు ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "కంగారు పడకండి. నోరు తెరవండి" అన్నాడు అలవాటు కొద్దీ.

ఇంజనీరుకి అప్పుడు తట్టింది. ఎదురుగా అత్తగారు నిక్షేపంలా నిలబడి ఉంది. ఆవిడ ఫోనుకి సిగ్నల్ పోయిందంతే. "వెళ్ళిపోయారు" అన్న ఆ మర్యాద ఎవరిదో అతనికి తెలుసు.

"ఆగండి, ఆ మాట నాది" అన్నాడు. "సిగ్నల్ పోతే అలా వస్తుంది. తెలుగు చేసింది నేనే. పెద్దత్తయ్య పోలేదు. ఎవరూ పోలేదు."

అందరూ ఒకేసారి అతని మీద పడ్డారు.

"వెళ్ళిపోయారు అని రాస్తారా ఎవరైనా, బతికున్న మనిషిని?" అంది భార్య.

"బావా, ఆ ఫోటో కింద నేనేం అచ్చేశానో తెలుసా నీకు?" అన్నాడు బావమరిది.

"సరే, తప్పు నాదే" అన్నాడు ఇంజనీరు. "కానీ పెద్దత్తయ్య ఏరీ? కాఫీ ఇంకా గోరువెచ్చగానే ఉంది, కళ్ళజోడు ఇక్కడే ఉంది, మనిషి లేదు."

దానికి జవాబన్నట్టు ఫోన్లు మరోసారి వెలిగాయి. ఈసారి కబురు మనిల్లు నుంచి కాదు, పెద్దత్తయ్య పేరు మీదే వచ్చింది. ఒకే అక్షరం.

లి

"లి అంటే?" అన్నాడు బావమరిది.

"లివరు!" అన్నాడు పళ్ళ డాక్టరు వెంటనే. "నేను అనుకుంటూనే ఉన్నాను."

వీళ్ళిలా తర్జనభర్జన పడుతుంటే అత్తగారి చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు. సిగ్నలూ తెలుగు చేయడమూ ఆవిడకి పట్టలేదు. అక్క లేదు, అంతే. లిఫ్టు తలుపుకి నుదురు ఆనించి గొంతు విడిచి ఏడ్చింది.

"అక్కా, ఆ జాకెట్టు నువ్వు సరిగ్గానే కుట్టావక్కా. పెళ్ళిలో అందరి ముందూ బిగుతుగా కుట్టావని నిన్ను చిన్నబుచ్చాను. నీ కళ్ళెదుటే కుట్లు విప్పించి బయటవాడి చేత మళ్ళీ కుట్టించాను. జాకెట్టు బిగుతు కాదక్కా, నేనే లావయ్యాను. ఆ మాట ఒప్పుకోలేక నీ చేతి పని మీద పెట్టాను. ఆరేళ్ళు... ఆరేళ్ళు నీ గుమ్మం తొక్కలేదు..."

"ఆ ముక్క నాకు ఆ రోజే తెలుసే" అంది లిఫ్టు తలుపు. "కొలతలు తీసింది నేను కాదూ?"

అత్తగారు పెట్టిన కేకకి కింది అంతస్తులన్నీ బదులు పలికాయి. పళ్ళ డాక్టరు మెట్ల మలుపు దాకా వెళ్ళి అక్కణ్ణుంచి తొంగి చూశాడు. ఇంజనీరు ఒక్క అంగలో వచ్చి తలుపుకి చెవి ఆనించాడు. కింద ఎక్కడో, గోడ లోపల, ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు.

"పెద్దత్తయ్యా! లిఫ్టులో ఉన్నారా?"

"మరెక్కడున్నాననుకున్నావురా? కింద కూరల బండి కేక వినపడి దిగి పైకొస్తుంటే కరెంటు పోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఫోను కలవదు. కళ్ళజోడు లేదు, అక్షరాలు కనపడి చావవు. లిఫ్టు అని రాయబోతే లి తర్వాత వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కళ్ళు తిరిగి కూలబడ్డాను. దీని ఏడుపు వినపడి మెలకువొచ్చింది." ఆ గొంతు అక్కడ ఆగి, చిన్నదైంది. "గాలాడటం లేదురా."

తలుపు సందులో వేళ్ళు దూర్చి ఇంజనీరూ బావమరిదీ బలమంతా పెట్టి లాగారు. అరచెయ్యి పట్టేంత సందు దొరికింది. ఆ సందులో తలుపంత ఫోటో అట్టని ఇరికించి మూసుకోకుండా ఆపారు. భార్య కిందకి పరిగెత్తి కాపలా మనిషి కోసం వెతికింది. అత్తగారు నేల మీద బోర్లా పడుకుని ఆ సందులోంచి చీకట్లోకి మాట్లాడుతూనే ఉంది, అక్కని మళ్ళీ కళ్ళు మూయనివ్వనని. ఏం మాట్లాడిందో ఎవరూ పూర్తిగా వినలేదు. మధ్యలో ఓసారి కింద నుంచి నవ్వు మాత్రం వినిపించింది.

కాసేపటికి భవనం అంతా ఓసారి మూలిగినట్టై దీపాలు వెలిగాయి. కాపలా మనిషి తాళం పట్టుకుని వగరుస్తూ వచ్చేసరికి అట్టని లాగేశారు. లిఫ్టు ఓ కుదుపు కుదిపి పైకొచ్చి తెరుచుకుంది. కూరల సంచి ఒళ్ళో పెట్టుకుని పెద్దత్తయ్య నేల మీద కూర్చుని ఉంది. చెల్లెలు లోపలికి పడినట్టే వెళ్ళి పట్టుకుంది. పెద్దత్తయ్య చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి, నలిగి నిలబడి ఉన్న తన ఫోటో వైపు కళ్ళు చికిలించింది.

"ఎవడ్రా ఇది ఏరింది? నోరు తెరుచుకుని ఉన్నాను."

"పళ్ళు మాత్రం బాగున్నాయండీ" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఇంజనీరు చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పి, సాయంత్రానికల్లా ఆ డబ్బా పీకి పారేస్తానన్నాడు. పెద్దత్తయ్య మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఎందుకు పీకడం? ఉన్నానంటే ఆరేళ్ళలో ఒక్కరూ రాలేదు. వెళ్ళిపోయానంటే అరగంటలో అందరూ వచ్చారు. ఆ మాట అలాగే ఉంచు."

అత్తగారు ఆ పూట అక్క దగ్గరే ఉండిపోయింది.

ఇంజనీరూ భార్యా ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. లోపలికొచ్చి స్విచ్చి వేశాడు. వెలగలేదు.

"మెయిన్ వేయండి" అంది భార్య చెప్పులు విడుస్తూ. "పొద్దున వెళ్ళేటప్పుడు నేనే ఆపేశాను. ఎంతసేపు పడుతుందో ఏమోనని."

"ఎప్పుడు?"

"చెప్పాను కదా, వెళ్ళేటప్పుడు. మీరు కారు తీస్తున్నారు."

ఇంజనీరు ఫోను దీపం పట్టుకుని మెట్ల కింద వంగాడు. డబ్బా చల్లగా ఉంది. పొద్దున తుడిచి వదిలేసిన ఫ్యాను రెక్కలు అలాగే నిలబడి ఉన్నాయి. దానికి బ్యాటరీ అంటూ ఏమీ లేదు. పక్కనున్న ఇంటర్నెట్ పెట్టెలో ఒక్క దీపం కూడా లేదు. మొదటి "వెళ్ళిపోయారు" సరే, అప్పుడు కరెంటుంది. మరి ఆ భవనంలో అందరూ చూసిన మిగతావన్నీ? ఆ లి?

చేతిలో ఫోను వెలిగింది.

మనిల్లు: పెద్దత్తయ్య, అత్తయ్య ఏదో రాస్తున్నారు.

అతను ఫోను భార్యకి చూపించాడు, తర్వాత డబ్బాని చూపించాడు. ఆవిడ రెండిటినీ మార్చి మార్చి చూసింది.

"పనిచేస్తోంది కదా" అంది చివరికి. "ఇక దాన్ని కెలకకండి."

ఇంజనీరు జీవితంలో మొదటిసారి ఒక యంత్రాన్ని విప్పి చూడకుండా పక్కకి తప్పుకున్నాడు.