ఎనిమిది ఈగలూ ఒకే వైపు చూశాయి

ఆ ఉదయం స్టూడియో ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి నిమ్మతోటకు వెళ్ళాలి. పువ్వు మీద వాలిన తేనెటీగను దగ్గర్నుంచి ఒక్క ఫొటో తీయాలి. తొమ్మిదింటికల్లా ఇల్లు చేరి కాఫీ తాగాలి. పండ్లతోటల సంఘం కొత్త కేలండరు వేస్తోంది. అట్ట మీదకు పువ్వూ తేనెటీగా కావాలన్నారు. బొమ్మ నచ్చితే ఏడాది పొడుగునా సంఘం ఫొటోలన్నీ ఆయనకే అన్నారు. గడువు ఆ సాయంత్రమే.

ఒక్క సంఘం గడువే అయితే ఆయన అంత కంగారు పడేవాడు కాదు. ఇంట్లో బావమరిది ఉన్నాడు. స్టూడియో నడిచే ముందుగదిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టాలని అతనికి రెండేళ్ళుగా కోరిక. అందరి జేబుల్లోనూ కెమెరా ఉన్న కాలంలో ఇంకా ఈ స్టూడియో ఏమిటని అక్క చెవిలో జోరీగలా రొద పెట్టేవాడు. వినీ వినీ ఆవిడ ఒక తీర్పు చెప్పింది. కేలండరు పని వస్తే గది మొగుడిది. రాకపోతే తమ్ముడిది. బావమరిది అదే రోజు వెళ్ళి అద్దాల బీరువా చూసొచ్చాడు.

స్టూడియో ఆయన ముప్ఫై ఏళ్ళుగా తీసినవి పాస్‌పోర్టు ఫొటోలు. గడ్డం కొంచెం పైకి, రెండు చెవులూ కనపడాలి, కదలకూడదు. మనుషులు విన్నారు. తేనెటీగలు వినలేదు. ఆరు రోజులు తోటలో మోకాళ్ళ మీద పాకాడు. లెన్సు సరిచేసుకునేలోగా ఈగ పక్కపువ్వు మీద ఉండేది. లెన్సు అటు తిప్పేలోగా పక్కచెట్టులో ఉండేది. ఆరు రోజులకు ఆయనకు దక్కినవి నూట నలభై ఖాళీ పువ్వులూ, పదకొండు ఈగల పిర్రలూ. బావమరిది అవన్నీ తీరిగ్గా తిరగేసి, "ఇందులో చెవులెక్కడున్నాయి బావా?" అని అడిగాడు.

ఏడో రోజు కూడా అలాగే గంటసేపు పాకి, నడుం పట్టేసి, స్టూడియో ఆయన తేనెపెట్టెల దగ్గర చతికిలబడ్డాడు. పూత కాలంలో తేనెపెట్టెల మనిషి ఇరవై పెట్టెలు తెచ్చి ఆ తోటలో పెడతాడు. ఈగలు తిరిగితేనే పూత కాయవుతుంది. వయసైపోయిన ఈగలు రోజూ కొన్ని పెట్టెల ముందు రాలి పడి ఉంటాయి. స్టూడియో ఆయన వాటి వంక చాలాసేపు చూశాడు. ఒక్కటీ కదల్లేదు. ముప్ఫై ఏళ్ళలో అంత బుద్ధిగా కూర్చున్న గిరాకీ ఆయనకు తగల్లేదు.

జేబులో ఎప్పుడూ ఫొటోలు పట్టుకునే శ్రావణం, సూది, గమ్ముసీసా ఉంటాయి. అర్జీల మీద ఫొటోలు అంటించే గమ్ము. ఒక ఈగను శ్రావణంతో ఎత్తి, కాళ్ళకు చుక్క గమ్ము తగిలించి, పువ్వు మీద నిలబెట్టాడు. సూదితో తల కొంచెం ఎత్తాడు. వెలుతురు తూర్పు నుంచి వస్తోంది కనుక ముఖం తూర్పుకు తిప్పాడు. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలన్నది ఆయన వృత్తిలో మొదటి పాఠం. పాస్‌పోర్టు ఫొటో ఎనిమిది కాపీలు ఇస్తాం కదా అని ఎనిమిది ఈగల్ని ఎనిమిది పువ్వుల మీద అంటించాడు. అన్నిటికీ ఒకటే భంగిమ. మూడో ఈగ అద్భుతంగా వచ్చింది. కళ్ళు, మీసాలు, కాళ్ళ మీద పుప్పొడి, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

ఇక ఈగల్ని పీకేద్దామని శ్రావణం తీస్తుండగా పెళ్ళాం ఫోను చేసింది.

"మా తమ్ముడు టేపు పెట్టి గది కొలుస్తున్నాడు. మీ నీలం పరదా విప్పేశాడు. మీరూ మీరూ చూసుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు."

స్టూడియో ఆయన కెమెరా మెళ్ళో వేసుకుని పరుగందుకున్నాడు. ఈగలు నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నాయి.

పది గంటలకు తోట పెద్దాయన అటుగా వచ్చాడు. తోట ఆయనది, సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. పువ్వు మీద ఈగను చూసి ముచ్చటపడ్డాడు. కాస్త దగ్గరికి వెళ్ళాడు. ఎగరలేదు. ఊదాడు. ఎగరలేదు. పుల్లతో పొడిచాడు. పువ్వు ఊగింది, దాంతోపాటే ఈగా ఊగింది. అలాంటివి వరసగా ఎనిమిది కనబడేసరికి ఆయనకు ముచ్చెమటలు పోశాయి. తేనె తాగుతున్నవి తాగుతున్నట్టే, నిలబడి చచ్చిపోయాయి. పైగా అన్నీ తూర్పుకే చూస్తున్నాయి. తూర్పున ఉన్నది వియ్యంకుడి తోట.

పూత మీద పురుగుమందు కొట్టకూడదని సంఘంలో కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టింది ఈయన, అప్పట్లో కాదన్నది వియ్యంకుడు. ఇంకేం కావాలి. తెల్లవారుజామున వియ్యంకుడు దొంగచాటుగా మందు కొట్టాడు, గాలి ఇటు తిరిగింది, ఈగలు ఆ గాలికి ఎదురు నిలబడి ప్రాణాలు వదిలాయి. అలా తేల్చుకుని పెద్దాయన ఫోను తీశాడు.

"బావగారూ, పిల్లనిచ్చిన పాపానికి నా తోట చంపేస్తారా?"

వియ్యంకుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తాను ఈ ఏడాది మందు డబ్బా మూతైనా తీయలేదన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ పెళ్ళినాటి సంగతుల దాకా వెళ్ళారు. ఎవరు ఎవరికి ఏ కుర్చీ వేశారో కూడా బయటికొచ్చింది. పావుగంటలో పెద్దాయన కూతురు అత్తగారింటి నుంచి బట్టల పెట్టెతో వచ్చి తోట గేటు దగ్గర నిలబడింది. మావగారు పొమ్మన్నారా అంటే, లేదు, నాన్ననే తిడుతుంటే వినలేక వచ్చేశానంది.

ఈలోగా కబురు తేనెపెట్టెల మనిషికి చేరింది. అతను వ్యాను వేసుకుని వచ్చి పెట్టెలకు తాళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. పెట్టెలు పోతే ఈ ఏడాదికి కాయ లేదు. పెద్దాయన బతిమాలాడు. అతను తల ఊపుతూనే ఆరో పెట్టె కట్టాడు. చివరికి రెండింటికి వ్యవసాయశాఖ ఆఫీసరమ్మ జీపు దిగింది. ఈగల చుట్టూ తిరిగి చూసి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి మందు చూడలేదంది. వియ్యంకుడి తోటకు సీలు వేయాలంటే ముందు సాక్ష్యానికి దగ్గర్నుంచి తీసిన ఫొటోలు కావాలంది.

అంత దగ్గర్నుంచి తీసే లెన్సు ఊళ్ళో ఒక్కరికే ఉంది.

అధ్యక్షుడు రమ్మంటున్నారని కబురు రాగానే స్టూడియో ఆయన బొమ్మ గురించేననుకున్నాడు. బావమరిది చేతిలోంచి టేపు లాక్కుని కిటికీలోంచి బయట పారేశాడు. ఉతికిన చొక్కా వేసుకుని, బొమ్మ చూపడానికి కెమెరా మెళ్ళో తగిలించుకున్నాడు. తోటలో జీపూ, వ్యానూ, కూతురి పెట్టే, జనం నడుమ తన ఎనిమిది ఈగలూ కనబడేసరికి అడుగు వెనక్కి వేశాడు. పెద్దాయన ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. నిజం చెబితే కేలండరు పోతుంది. కేలండరు పోతే గది పోతుంది. చెప్పకపోతే ఒక కాపురం, ఒక తోట, ఇరవై పెట్టెలు పోతాయి. అప్పటికైతే నోరు మూసుకుని కెమెరా తీశాడు.

మొదటి నాలుగు ఫొటోలూ ఆయన కావాలనే మసక తీశాడు. వెలుతురు చాలడం లేదన్నాడు. ఆఫీసరమ్మ నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి చూసి, ఆయన్ని చూసింది. అయిదో ఫొటో ఆవిడే పక్కన నిలబడి తీయించింది. కెమెరాలో పెద్దది చేసి చూస్తే ఈగ కాళ్ళ కింద ఏదో మెరుస్తోంది. అదే మందు అన్నాడు పెద్దాయన. తేనె కక్కి చచ్చిందన్నాడు తేనెపెట్టెల మనిషి. ఆఫీసరమ్మ సీలు కాగితం తీసి పేరు రాయబోయింది. గేటు దగ్గర పెద్దాయన కూతురు కళ్ళు తుడుచుకుంది.

"అది నా గమ్మండి," అన్నాడు స్టూడియో ఆయన.

ఎవరికీ ఎక్కలేదు. పొద్దున్న జరిగిందంతా ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, వియ్యంకుడు ఎంత కావలసినవాడైనా ఆయన తప్పు నెత్తిన వేసుకోవద్దన్నాడు. ఆఫీసరమ్మ ఇంకో మెట్టు ఎక్కింది.

"మీ చేత ఈ మాట ఎవరు చెప్పిస్తున్నారు?"

స్టూడియో ఆయన జేబులోంచి గమ్ముసీసా తీశాడు. పెట్టెల ముందుకు వెళ్ళి, రాలిన ఈగను ఒకదాన్ని ఏరి తెచ్చాడు. గమ్ము అద్దాడు. పువ్వు మీద నిలబెట్టాడు. సూదితో తల ఎత్తుతూ అలవాటు కొద్దీ, "గడ్డం కొంచెం పైకి," అన్నాడు.

తొమ్మిదో ఈగ కూడా తూర్పుకే చూస్తోంది. ఆఫీసరమ్మ సీలు కాగితం నాలుగు మడతలు పెట్టింది. తేనెపెట్టెల మనిషి కట్టిన తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. పెద్దాయన మాత్రం ఫోను చేతిలో పట్టుకుని, వియ్యంకుడితో మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక నంబరు చూస్తూ నిలబడ్డాడు. కూతురే ఆ ఫోను తీసుకుని, "మావయ్యగారూ, నాన్నకి కళ్ళద్దాలు మార్పించాలి," అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

స్టూడియో ఆయన సామాను సర్దుకోబోయాడు. ఇక గది పోయినట్టే. అప్పుడు బతికున్న ఈగ ఒకటి వచ్చి ఆ తొమ్మిదో ఈగ పక్కపువ్వు మీద వాలింది. చచ్చినదాన్ని చూసి ఆగిందో, గమ్ము వాసనకు ఆగిందో, నాలుగు సెకన్లు ఆగింది. ఆయన చేతులు వాటంతటవే పనిచేశాయి. ఏడు రోజుల్లో మొదటిసారి నిజమైన ఈగ, నిజమైన పువ్వు మీద, ముఖం కనపడేలా ఫొటోలో పడింది.

సాయంత్రం సంఘం ఆఫీసులో అయిదుగురు సభ్యులు కూర్చున్నారు. స్టూడియో ఆయన రెండు బొమ్మలూ బల్ల మీద పెట్టి, ఏది చచ్చిందో ఏది బతికిందో దాచకుండా చెప్పాడు. సభ్యులు చాలాసేపు చూశారు. బతికినదాని రెక్కలు చెదిరిపోయి మసగ్గా ఉన్నాయన్నారు. కాలొకటి ఎక్కడో ఉందన్నారు. కూర్చున్నదో లేస్తున్నదో తెలియడం లేదన్నారు. తోట పెద్దాయన, మధ్యాహ్నం ఆ ఈగల వల్లే అల్లరిపాలైన మనిషి, బతికున్నదాని బొమ్మను పక్కకు జరిపాడు.

"ఇందులో జీవం లేదయ్యా," అన్నాడు.

అయిదు చేతులూ గమ్ము ఈగకే లేచాయి. గది స్టూడియో ఆయనకే మిగిలింది. బావమరిది వీధి చివర ఇంకో గది చూసుకుని, షాపు తెరిచిన రోజు బావ చేతే ఫొటో తీయించుకున్నాడు. కేలండరు చూడముచ్చటగా వచ్చింది. ఆఫీసరమ్మ రెండు అడిగి పుచ్చుకుంది. అట్ట మీద ఈగ బొమ్మ కింద సంఘం వాళ్ళు ఎర్ర అక్షరాలతో ఒక మాట వేయించారు: "తేనెటీగలను బతకనివ్వండి."