క్వార్టరును బట్టి వేషం

కిందటేడు మా ఆఫీసర్ల క్లబ్బులో యోధులకు కొరత లేదు. మాంత్రికులకూ కొరత లేదు. ఎంత వెతికినా దొరకనిది ఒక్క దొంగే. ఈ మాట వింటే బయటివాళ్లు నవ్వుతారని తెలుసు. అయినా క్లబ్బు సంయుక్త కార్యదర్శిని కనక, జరిగింది జరిగినట్టు నివేదించడం నా ధర్మం.

దంతెవాడ దాటి ఘాట్ ఎక్కితే ఇనపరాయి కొండ, దాని కింద మా టౌన్‌షిప్. ఇక్కడ మనిషిని పేరు అడగరు, క్వార్టరు అడుగుతారు. డి టైపు అంటే కుర్చీ వేస్తారు. సి టైపు అంటే కూర్చోమంటారు. బి టైపు అంటే "ఏంటి పని?" అంటారు. ఏ టైపు వాళ్లను ఎవరూ ఏమీ అడగరు, వాళ్లు ఎలాగూ నిలబడే ఉంటారు. ఇంత ముచ్చటైన ఏర్పాటున్న చోటికి ప్రవీణ్‌కుమార్ అనే కుర్ర ఇంజినీరు రాయపూర్ నుంచి ఒక ఆట పట్టుకొచ్చాడు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు వైద్యుడు, ఒకరు తాళాలూ ఉచ్చులూ విప్పే దొంగ. తలపెట్టిన పని అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అందరూ కలిసి గుహలో దూరి, రాక్షసుణ్ని కొట్టి, నిధి తెచ్చుకోవాలి. ఆ గుహ ఎవరిది, నిధి ఎవరిది, రాక్షసుడు అక్కడ ఎన్ని తరాలుగా కాపురం ఉంటున్నాడు అని మాలో ఒక్కరూ అడగలేదు. కొండ తవ్వుకుని బతికేవాళ్లం, అలాంటి ప్రశ్నలు మాకు తట్టవు.

"ఎవరికి నచ్చిన వేషం వాళ్లు తీసుకోవచ్చు సార్. ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. ఒక్కరు లేకపోయినా జట్టు గుహ దాటలేదు" అన్నాడు ప్రవీణ్‌కుమార్. పాపం, ఉద్యోగానికి కొత్త.

క్లబ్బు అధ్యక్షులు చక్రధరరావు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "నచ్చిన వేషం ఏంటయ్యా? ఇవాళ నచ్చిన వేషం అంటారు, రేపు నచ్చిన క్వార్టరు అంటారు! సమానత్వానికి నేనెప్పుడూ వ్యతిరేకం కాదు. కాకపోతే దానికీ ఒక వరస ఉండాలి." చప్పట్లు మోగాయి. నావి కొంచెం గట్టిగానే.

ఆ వరస ప్రకారం వార్షికోత్సవం ఆటకు వేషాలు పంచాం. డి టైపు పిల్లలు యోధులు, సి టైపు పిల్లలు మాంత్రికులు. వైద్యుడి పోస్టు ఖాళీగా ఉంచాం, ఏం జబ్బు చేసినా విశాఖపట్నం వెళ్లడం మాకు అలవాటే. మిగిలింది దొంగ. ఏ ఆఫీసరు తన బిడ్డను దొంగ అనిపించుకుంటాడు చెప్పండి?

సరిగ్గా అప్పుడే అమ్ము వచ్చింది. డంపరు నడిపే సన్యాసిరావు కూతురు, పదో తరగతి. ప్రవీణ్‌కుమార్ ఆట గురించి చెప్పిన రోజు నుంచీ ఆ పిల్లకు మాంత్రికురాలు కావాలని ఒకటే పిచ్చి. గీదం సంతలో మెరుపు కాగితం కొనుక్కుని టోపీ చేసుకుంది. మంత్రాలు కూడా సొంతంగా కట్టుకుంది. తెలుగులో వేస్తే దీపం వెలగాలి, హిందీలో వేస్తే ఆఫీసు తలుపు తెరుచుకోవాలి, ఇక్కడి ఊళ్ల హల్బీ భాషలో వేస్తే కుక్కలు మొరగడం మానాలి.

"మాంత్రికులు నిండిపోయారమ్మా. దొంగ ఉంది, పుచ్చుకో" అన్నాం ఉదారంగా. పిల్ల టోపీ వెనక్కి దాచుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రానికి వాళ్లమ్మ అప్పలకొండమ్మ కొంగు బిగించుకుని దిగింది. "ఏటి బాబూ, ఎవులింట్లో ఏటి పోనాదని నా పిల్లకి దొంగేసం కట్టినారు? రెక్కలు ముక్కలు సేసుకుని బతుకుతున్నోలం. మా ఇంటా వంటా నేదు దొంగతనం!" ఇది గౌరవప్రదమైన దొంగతనం అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

వార్షికోత్సవం నాడు అందరికీ కనబడాలని బల్ల తీసేసి, క్లబ్బు స్టోరు గదినే గుహ చేశాం. యోధులంతా గుహ ముందు నిలబడ్డారు. తలుపుకు తాళం. ముందు ఎవరు కొట్టాలో సీనియారిటీ తేలక ఆట కాసేపు ఆగింది. చివరికి అధ్యక్షుల వారి అబ్బాయి కత్తి దూసి పాచిక వేశాడు. మూడు పడింది. పాచిక కింది ముఖం మీద పద్దెనిమిది ఉంది కనక దాన్నే నమోదు చేశాం. తలుపు మాత్రం కదల్లేదు. మాంత్రికులేమో పైనుంచి అనుమతి లేనిదే మంత్రం వేసేది లేదన్నారు.

గత్యంతరం లేక దొంగను పిలిచాం. అమ్ము పాచిక వేసింది, ఇరవై పడింది. తలుపు తీసింది, లోపలికెళ్లింది, లోపల్నుంచి గడియ పెట్టేసుకుంది.

"ఇదేంటమ్మా!" అన్నారు చక్రధరరావు గారు.

"దొంగని కదండీ. రాక్షసుడూ నేనూ నిధి చెరి సగం మాట్లాడుకున్నాం. వచ్చే ఏడు నన్ను మాంత్రికురాల్ని చేస్తామంటే తలుపు తీస్తాను."

ప్రవీణ్‌కుమార్ పగలబడి నవ్వాడు. అతన్ని తర్వాత గనిలో రాత్రి షిఫ్టుకు మార్చారు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని ధ్రువీకరిస్తున్నాను. కమిటీ మాట ఇచ్చింది, తలుపు తెరుచుకుంది, అందరం పకోడీలు తిని ఇళ్లకు పోయాం.

ఈ ఏడు వేషాలకు పేర్లు అడిగాం. డి టైపు పిల్లలందరూ దొంగ వేషమే అడిగారు. సి టైపు వాళ్లూ అంతే. నిధి ముందుగా ఎవరి చేతికి చిక్కుతుందో కిందటేడు అందరూ కళ్లారా చూశారు మరి. అధ్యక్షుల వారు మళ్లీ లేచారు. "దొంగ అంటే చిన్నచూపు తగదు. చొరవ, నేర్పు, నాయకత్వం, అన్నీ ఉన్న వేషం అది. బాధ్యత గల కుటుంబాలకే దక్కాలి." ఆఫీసర్ల పిల్లలంతా దొంగలు కావాలంటున్నారని చెబుతుంటే, చదువుతున్న మీరు కాస్తయినా ఆశ్చర్యపోలేదు, గమనించారా?

మాంత్రికుల సీట్లన్నీ ఖాళీ. ఇచ్చిన మాట ప్రకారం అమ్మును పిలిచి, నచ్చింది తీసుకోమన్నాం. పిల్ల ముఖం వెలిగిపోయింది. పాత టోపీ తలమీద పెట్టుకుంటూండగానే అప్పలకొండమ్మ మళ్లీ కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏటి బాబూ, పెద్దోల పిల్లలందరికీ దొంగేసాలిచ్చి నా పిల్లకి మాత్రం ఈ కాయితం టోపీ ఏటి?"

"అమ్మా, నాకు ఇదే కావాలే!" అంది అమ్ము.

"నోర్ముయ్. అంతంత సదువుకున్నోలు ఎగబడతన్నారంటే ఊరికే ఉంటాదేటి? మాకూ దొంగేసమే రాయండి బాబూ!"

టోపీ తీసి చేత్తో పట్టుకుని అమ్ము క్లబ్బు వరండాలోనే నిలబడి ఉంది. పిల్ల పేరు పక్కన ఏ వేషం రాయాలో తేల్చే పని కమిటీ పాఠకులకు అప్పగించింది. మీ పిల్లలు ఏమవుతామన్నారో గుర్తుంటే, మీరే చెప్పండి.