ముఖం మీద కాగితం

ఆ రోజు పొద్దున నోరీన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. విమానం దిగే చోటికి వెళ్ళాలి, నగరం మ్యూజియం నుంచి వచ్చే పెట్టెలు తెచ్చుకోవాలి, సాయంత్రం కళాకేంద్రంలో ప్రదర్శన తెరవాలి. మా ఊరి పెద్దలు ఒకప్పుడు ఆ మ్యూజియంలో ఇసుక మీద బొమ్మలు వేసి, పాటలకు నాట్యమాడి వచ్చారు. ఆనాటి ఫొటోలు ముందే వచ్చి గోడలెక్కాయి. ఇవాళ రావలసింది ఫిల్ము. అందులో పాడుతున్నది నోరీన్ తండ్రి. ఆమె కడుపులో ఉండగానే ఆయన పోయాడు. ఆ గొంతు ఆమె ఒక్కసారి కూడా వినలేదు. మ్యూజియం వాళ్ళ ప్రాణాలు తోడేసి మరీ ఆ పెట్టెలు రప్పించుకుంది.

ఆస్ట్రేలియా నడిమధ్య, ఎర్ర ఇసుకలో ఉన్న మా ఊళ్ళో మనిషి పోతే పేరు కూడా వెంట పోతుంది. కొంతకాలం దాన్ని ఎవరూ పలకరు. ఫొటోలో ముఖం మీద కాగితం అంటిస్తారు. ఫిల్ములో ఉన్న మిగతా పెద్దలంతా పోయారు; చూపించడానికి వాళ్ళ కుటుంబాలు ఎప్పుడో సరేనన్నాయి. ఇంకా బతికున్నది నోరీన్ బాబాయి క్లారీ ఒక్కడే. సాయంత్రం నాట్యం మొదలుపెట్టవలసింది కూడా ఆయనే.

నోరీన్ బండి అలా వెళ్ళిందో లేదో, మేవిస్ చీపురు పట్టుకుని కళాకేంద్రంలోకి వచ్చింది. మేవిస్ క్లారీకి అక్క, నోరీన్‌కు మేనత్త, ఊళ్ళో ఏ కబురుకైనా మొదటి నోరు. తలుపు పక్కన పెద్ద ఫొటోలో మగవాళ్ళు వరసగా నాట్యమాడుతున్నారు. చివర ఉన్న క్లారీ ముఖం మీద తెల్ల కాగితం ఉంది.

చీపురు చేతిలోంచి జారిపోయింది. తమ్ముడి ఇంటికి పరుగెత్తితే పరుపు ఖాళీ. బండి లేదు, కుక్కలూ లేవు. రాత్రి డాక్టరు విమానంలో తీసుకెళ్ళి ఉంటారు, దారిలోనే అయిపోయి ఉంటుంది, తనకు చెప్పడానికి నోరు రాక కాగితం అంటించి ఉంటారు. కుక్కల్ని కూడా విమానం ఎక్కించారా అన్న సందేహం ఆమెకు రాలేదు.

"పోయాడు" అంది దుకాణం దగ్గర కూలబడి.

"ఎవరత్తా?" అన్నాడు చిన్న క్లారీ. పెద్దాయన పేరే పెట్టుకున్న అతను మా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్.

మేవిస్ పేరెలా చెబుతుంది? పెదవులు ముందుకు చాచి కళాకేంద్రం వైపు చూపించింది. చిన్న క్లారీ వెళ్ళి చూసి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అంటే నా పేరు కూడా పోయినట్టేగా?"

"పోయినట్టే. ఇవాళ్టి నుంచి నువ్వు పేరులేనోడివి."

"రేపు మ్యాచి ఉందత్తా. కుర్రాళ్ళు నన్నేమని పిలుస్తారు?"

"పేరున్నప్పుడు మాత్రం పిలిచారా ఏంటి" అంది మేవిస్ ముక్కు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి దుకాణం మూతబడింది. ఊరంతా ఒంటికి తెల్లమట్టి పూసుకుని, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుని ఏడుస్తున్నారు. మ్యూజియం అధికారిణి ఫిలిపాతో, పెట్టెలతో నోరీన్ బండి దిగింది.

"ఎవరత్తా?"

మేవిస్ పెదవులు చాచింది. నోరీన్ లోపలికి వెళ్ళి ఫొటో చూసి గోడకు ఆనుకుంది.

"నిన్న సాయంత్రం నాతో టీ తాగాడే. చక్కెర చాల్లేదని తిట్టాడు కూడా."

"నీ చెయ్యి పిసినారిదని ఎప్పుడూ అంటూనే ఉండేవాడమ్మా" అని మేవిస్ మళ్ళీ గొల్లుమంది.

ఫిలిపా మెల్లగా చెప్పింది. "ఇప్పుడు పెట్టెలు తెరవకూడదు. ఫిల్ములో ఉన్న మనిషి పోతే, కుటుంబం మళ్ళీ ఒప్పుకునేదాకా మ్యూజియంలోనే మూసి ఉంచాలి. అది నియమం."

"ఎవరు పెట్టారా నియమం?" అంది మేవిస్.

ఫిలిపా నోరీన్ వైపు చూసింది.

"నేనే అత్తా. పోట్లాడి మరీ పెట్టించాను."

"మంచిపని చేశావు. వచ్చే వానలదాకా తెరవొద్దు."

పెట్టెలు మళ్ళీ బండెక్కాయి. చీకటి పడకముందే విమానం వెళ్ళిపోవాలి. బాబాయి కోసం ఏడుస్తూ, మధ్యమధ్య ఆ పెట్టెల వైపు చూస్తున్నందుకు నోరీన్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడు, సాయంత్రం నాట్యానికి ఒంటికి పూసుకునే ఎర్రమట్టి తవ్వుకురావడానికి కుక్కలతో సహా కొండకు వెళ్ళిన క్లారీ ఊళ్ళోకి వచ్చాడు. ఊరంతా తెల్లమట్టిలో ఉంది. ఎవరు పోయారని వచ్చీరాగానే అడగడం మర్యాద కాదు. క్లారీ మర్యాదస్తుడు. తనూ మట్టి పూసుకుని, మగవాళ్ళ వరసలో చివర కూర్చుని, గొంతెత్తి ఏడ్చాడు. ఎవరూ తలెత్తి చూడలేదు కానీ, ఆయన కలిశాక ఏడుపు బాగా రక్తి కట్టింది.

కాసేపయ్యాక పక్కకు వంగాడు. "ఒరేయ్ క్లారీ."

"ఆ పేరు పలక్కు. మూసేశారు" అన్నాడు చిన్న క్లారీ తల వంచుకునే.

"ఇంతకీ ఎవర్రా?"

చిన్న క్లారీ పెదవులు చాచాడు. పెద్దాయన లేచి, కళాకేంద్రంలోకి వెళ్ళి చూసి, వచ్చి కూర్చున్నాడు.

"అది నేనురా."

"అవును, నువ్వే" అని చిన్న క్లారీ ఇంకాస్త ఏడ్చి, అప్పుడు తలెత్తాడు.

అతను పెట్టిన కేకకు ఊరంతా లేచింది. మేవిస్ వచ్చి తమ్ముణ్ణి వీపు మీద రెండు బాది, ఆ తర్వాత వాటేసుకుంది. నోరీన్ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు.

"ఆ కాగితం ఎవరు పెట్టారు బాబాయ్?"

"నేనే, కొండకు వెళ్ళే ముందు. అందులో అందరూ ఎడమ కాలెత్తారు, నేను కుడికాలెత్తాను. ఊరంతా చూసి నవ్వరూ?"

"మరి కాలి మీద అంటించుకోవచ్చుగా?"

"కాలు కప్పితే అదెవరిదో ముఖం చూసి చెప్పేస్తారు. ముఖం కప్పితే తప్పెవరిదో తెలీదు."

"ముఖం కప్పితే ఏమనుకుంటారో తెలీదా?"

"నేను బతికే ఉన్నానని నాకు తెలుసుగా."

బండి కదలబోతోంది. నోరీన్ పరుగెత్తి అడ్డం నిలబడింది. "కుటుంబం ఒప్పుకోవాలి కదా" అని మొదలుపెట్టింది ఫిలిపా. "పోయినాయనే వచ్చాడు, అడగండి" అంది నోరీన్.

క్లారీ గడ్డం గోక్కున్నాడు. ఫిల్ములో కూడా ఆ కుడికాలు ఉంటుందని ఆయనకు బాగా తెలుసు. అన్న కూతురి ముఖం చూశాడు.

"మీ నాన్న గొంతు దాంట్లోనేనా?"

ఆమె తలూపింది.

"తెరవండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు."

సాయంత్రం తెల్లమట్టితోనే అందరూ ఫిల్ము ముందు కూర్చున్నారు. నోరీన్ తండ్రి పాట సన్నగా మొదలై పుంజుకుంది. క్లారీ కుడికాలు లేచిన చోట పాట తెగింది. మ్యూజియం వివరాల్లో అక్కడ 'శబ్దం చెడింది' అని ఉంది. చెడలేదు. తమ్ముడి కాలు చూసి ఆమె తండ్రి నవ్వాడు. నోరీన్ లాగే ముక్కుతో నవ్వాడు. ఆ చోటు ఆమె మళ్ళీ మళ్ళీ వేయించుకుంది, వేసిన ప్రతిసారీ ఊరు నవ్వింది, చివరికి క్లారీ కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున మేవిస్ చీపురుతో వచ్చేసరికి ఫొటో మీద మళ్ళీ కాగితం ఉంది. ఈసారి ముఖం మీద కాదు, కాలి మీద. ఆమె చీపురు పక్కన పెట్టి, తమ్ముడి కాలికి ఏమైందో కనుక్కోవడానికి క్లినిక్‌కు బయలుదేరింది.