కంబన్నగారి మోటారుకు నోరు కట్టవద్దు

మా పక్కింటి నాగలక్ష్మమ్మ గంగాళం తోముకుంటూ చెప్పిన కబురు ఇది. ఆమెకు మా ఊరి పెద్ద కంబన్నగారింట్లో కొర్రలు దంచే మనిషి చెప్పిందట. వచ్చే శుక్రవారం కలెక్టరు దొర మా చెరువు చూడడానికి వస్తున్నాడట. నందికొట్కూరు బంగళా నుంచి కంబన్నగారి మోటారులోనే వస్తాడట. అందుకని ఆ మోటారు అరుపు మాన్పిస్తున్నారట!

అయ్యలారా, ఇంతకన్నా అన్యాయం ఉందా? మా ఊరికి ఉన్న ఒకే ఒక్క ఐశ్వర్యం ఆ చప్పుడు. వానలా, లేవు. బడికి పైకప్పా, లేదు. చప్పుడు మాత్రం పుష్కలంగా ఉంది. దాన్ని కూడా తీసేస్తే మేమెట్లా బతకాలి?

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి పోతాను. రెండేళ్ల కింద కంబన్నగారు మద్రాసు నుంచి తెచ్చినప్పుడు ఆ మోటారు పిల్లిలా నడిచేది. తంటా అక్కడే వచ్చింది. పెద్దమనిషి వస్తుంటే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడాలి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. అది మా ఊరి పద్ధతి. గుర్రబ్బండి కాలంలో గజ్జెల మోత ముందే వచ్చి మమ్మల్ని లేపేది. ఈ మోటారు మాటా పలుకూ లేకుండా ముక్కు ముందుకొచ్చి నిలిచేది. మొదటి వారంలోనే కంబన్నగారు అంగడి ముందర పదకొండు మందిని కూర్చుని ఉండగా చూశారు. కూర్చుని! అందులో ఒకడు వక్కాకు నములుతున్నాడు.

"ఇనపడ్లేదు సామీ," అన్నారు వాళ్లు.

చప్పుడు లేకపోవడమే మోటారుకు జబ్బని కంబన్నగారు అక్కడికక్కడే తేల్చారు. కర్నూలుకు తీసుకుపోయి ఒక ఫిట్టరుకు చూపించారు. మోటారు అరవడం లేదని ఫిర్యాదు తెచ్చిన మనిషిని ఆ ఫిట్టరు పుట్టి ఎరగడు. కాసేపు తల గోక్కుని, కింద దూరి, పొగగొట్టానికి ఉన్న సైలెన్సరు అనే డబ్బా ఊడదీసి, గోనెసంచిలో కట్టి చేతికిచ్చాడు. ఆ డబ్బా కంబన్నగారి కోళ్లగూటికి చేరింది. కోళ్లు దాని మీదెక్కి నిద్రపోయేవి. ఊళ్లో నిద్రపోయేది అవే.

ఆనాటి నుంచి మాకు కలిగిన మేళ్లు ఎన్నని చెప్పను! మోటారు ఆమడ దూరంలో ఉండగానే లేచి నిలబడతాం. ఒక్కోసారి అది మలుపు తిరిగి ఇంకో ఊరికి పోతుంది. పోనీండి, నిలబడిన గౌరవం ఎక్కడికి పోతుంది? చింతకాయలకు రాళ్లు రువ్వే పని లేదు, మోటారు పోతే అవే రాలతాయి. చూలు గొర్రెలు నెలలు నిండేదాకా కాచుకోవడం మానేశాయి. మొన్నొక ఆదివారం చర్చిలో ఉపదేశిగారు నరకాన్ని వర్ణించబోతుండగా మోటారు పోయింది. ఆయన పుస్తకం మూసి, "అదే," అని కూర్చున్నారు.

అన్నిటికన్నా పెద్ద మేలు కంబన్నగారికే. చెరువు తూము పగిలిందనీ, బడి కూలిందనీ రోడ్డు పక్కన నిలబడి మొరపెట్టుకునే అలగాజనం గోడు ఆయన చెవిన పడదు. నోళ్లు తెరుచుకోవడం మాత్రం కనబడుతుంది. జేజేలు కొడుతున్నారనుకుని ఆయన చెయ్యెత్తి, చిరునవ్వు నవ్వి, దుమ్ములో కలిసిపోతారు. పెద్దరికం ఇంత ప్రశాంతంగా సాగే ఊరు దత్తమండలాల్లో ఇంకొకటి ఉంటే చూపండి!

అలాంటి చప్పుడును రెండు తెల్లచెవుల కోసం మాన్పించడమా? రెండేళ్లు మాకు అమృతమైనది దొరకు ఒక్క పూట విషమైందా?

అడ్డుకుందామని నిన్న పొద్దున కంబన్నగారి వాకిట్లోకి పోయాను. అప్పటికే ఏసేపు మోటారు కింద దూరి ఉన్నాడు. జర్మనీ యుద్ధంలో బస్రా పోయి, మూడేళ్లు మిలిటరీ లారీల కింద పడుకుని వచ్చినవాడు. మోటారు కడుపు తెలిసినవాడు మా ఊళ్లో అతనొక్కడే. అతని కాలు ఒకటి బయటికి కనిపిస్తోంది. రెండోది లేదు. ఈ ఎండాకాలంలో బావి పూడిక తీస్తుంటే బండ పడి నలిగింది. పొద్దున బయలుదేరిన ఎద్దులబండి కర్నూలు పెద్దాసుపత్రి చేరేసరికి దీపాలు పెట్టారు. అప్పటికి ఆలస్యమైందని డాక్టరు మోకాలి పైదాకా తీసేశాడు.

"ఏం రోగంరా దీనికి?" అన్నారు కంబన్నగారు, ఏమీ ఎరగనట్టు.

"రోగమేం లేదు సామీ. దీనికుండాల్సింది కోళ్లగూట్లో ఉండాది."

డబ్బా తెచ్చారు. ఏసేపు రెట్ట గీకి, తుప్పు తిన్నచోట రేకు చుట్టి, తీగె బిగించి, మరలు తిప్పాడు. రెండేళ్ల జబ్బుకు పావుగంట వైద్యం.

మోటారుకు హ్యాండిలు తిప్పారు. పిల్లి గురక. గాటిపాటలో ఎద్దు నెమరు వేయడం వినబడింది. పెరట్లో ఎవరో చేద దించడం వినబడింది. ఊరి ఐశ్వర్యం పోయిందే అని నాకు ఏడుపొచ్చింది.

కంబన్నగారికి మాత్రం మనసు మెత్తబడింది. చంకకర్ర అందుకుంటున్న ఏసేపును చూసి, పదిమందికీ వినబడేటట్టు అన్నారు.

"పాపం, కాలు పోగొట్టుకుంటివే గదరా. ఆ పొద్దు నాకొక మాట సెప్పింటే ఈ మోటారులోనే ఏసుకోని పోయింటాను. గంటలో ఆసుపత్రి. బండెక్కే కర్మ నీకేంటికి?"

ఏసేపు కర్ర మీద నిలదొక్కుకున్నాడు.

"సెప్పినాం సామీ. మా ఇంటిది ఇశ్వాసమ్మ రోడ్డు పక్కన నిలబడి గొంతు పోయేటట్ల మొత్తుకునె. నువ్వు సెయ్యెత్తి, నవ్వుకుంటా పోతివి."