అనుభవమున్న జ్యోతి

సూర్యాపేట బస్టాండు పక్కనున్న ఇంటర్నెట్ సెంటరుకు జ్యోతి ఆ ఉదయం ఒకే ఒక్క పని పెట్టుకుని వచ్చింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ఆఫీసు పని చూసే మనిషి కావాలట. ఒక రెజ్యూమే కొట్టించి, పంపి, ఎండ ముదరకముందే పెన్‌పహాడ్ ఆటో ఎక్కి తండాకు చేరాలి. అంతకుమించి ఆశపడే ఓపిక ఆమెకు లేదు. డిగ్రీ అయ్యాక ఒక బడి ఆఫీసులో కొన్నాళ్లు చేసింది. ఆ తర్వాత తండ్రి బిచ్చాకు పక్షవాతం వచ్చి మూడేళ్లు మంచాన పడితే, దవాఖానా, మిరప చేనూ రెండూ ఆమె నెత్తినే పడ్డాయి. ఇప్పుడు ఆయన లేచి తిరుగుతున్నాడు. కానీ ఆ మూడేళ్లను కాగితం మీద ఎక్కడ పెట్టాలో తేలక, ఆమెకు ఇంతవరకు ఏ ఉద్యోగమూ రాలేదు. ఇదీ రాకపోతే మళ్లీ మిరప చేనే.

"ఏ మోడల్ కావాలక్కా?" అన్నాడు సెంటరు నడిపే వెంకట్.

సూర్యాపేటలోనే ఉంటూ వెంట వచ్చిన అన్న రాహుల్ అందుకున్నాడు. "సంవత్సరం వారీగ కొట్టు. ఏ ఏడు ఏం చేసిందో వరుసగ ఉండాలె."

"అట్ల రాస్తే మూడేండ్లు ఖాళీ కనబడుతది గదనే అన్నా."

"కనబడనీ. దాన్నే నిజాయితీ అంటరు."

అక్క మొగుడు, కోదాడలో విత్తనాల దుకాణం నడిపే బావ దేవేందర్ ఫోనులోనే మండిపడ్డాడు. "సంవత్సరాలు ఎవడిక్కావాలి? నీకేమేం వచ్చో అది రాయించు. చేలో అంతమంది కూలీలను నడిపించావా లేదా? దాన్ని సిబ్బంది నిర్వహణ అంటారమ్మా!"

బావామరుదుల వాదం ఎంతకీ తెగలేదు. జ్యోతికి తల పగిలిపోతోంది. చివరికి ఇద్దరినీ పక్కనపెట్టి, చదువు, చేసిన పని, "మూడేళ్లు నాన్న వైద్యం, మిరప సాగు" అని ఉన్నదున్నట్టు ఒక్క పేజీ కొట్టించి పంపేసింది. పీడ విరగడైందనుకుంది.

కానీ వాళ్లిద్దరూ ఊరుకునే రకం కాదు. రాహుల్ ఆమె ఇంటర్ నాటి ఫొటో అంటించి తన పద్ధతిలో ఒకటి పంపాడు. బావ తన పద్ధతిలో ఇంకొకటి పంపాడు. దాని మీద అక్క పెళ్లిలో జ్యోతి దిగిన ఫొటో. స్టూడియోవాడు దాన్ని తెల్లబరిచిన తీరుకు కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. తండాలో సిగ్నలు అందదని ఇద్దరూ తమ తమ నంబర్లే ఇచ్చారు.

మిల్లు నుంచి ముగ్గురికీ ఫోన్లు వచ్చాయి, జ్యోతికి ఆమె పెన్‌పహాడ్ వెళ్లినప్పుడు. "నా రెజ్యూమే సూసే పిలిచిర్రు!" అని రాహుల్, "నాది చూసే!" అని బావ. అప్పుడు తెలిసింది జ్యోతికి సంగతి. పోట్లాడే సత్తువ లేక, చెప్పిన రోజున బస్సెక్కింది.

మిల్లు మేనేజరు మత్తయ్య బల్ల మీద మూడు కాగితాలూ పరిచి ఉన్నాయి.

"ఇయ్యాల ముగ్గురు జ్యోతులను పిలిచిన. నువ్వే జ్యోతివమ్మా?"

"ముగ్గురం నేనే సార్."

మత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గీ జ్యోతి మూడేండ్లు ఖాళీగున్నది. గీ జ్యోతి గదే మూడేండ్లు సిబ్బందిని నడిపింది, అత్యవసర వైద్య వ్యవహారాలు సూసుకున్నది. నువ్వేమో నాయినకు మందులిచ్చి మిర్చి ఏరిపిచ్చిన్నంటున్నవ్. ఒక్క మనిషికి ఇన్ని ఎట్ల అయితయి?"

"అన్నీ ఒక్కటే సార్."

"ఫొటో సూడు. గీ పిల్ల ఎంత తెల్లగున్నదో!"

నవ్వాలో ఏడవాలో జ్యోతికి తెలియలేదు. రెండింటికీ ఓపిక లేదు.

"నీకు అనుభవం తక్కువమ్మా. గీ తెల్లపిల్లను తీసుకుంటం, రానీ," అన్నాడు మత్తయ్య.

తిరుగు బస్సుకు ఇంకా టైముంది. జ్యోతి బెంచీ మీద కూర్చుని తన కోసం తానే ఎదురుచూసింది. మత్తయ్య కోదాడ నంబరుకు కొట్టాడు. "ఎప్పుడో బయల్దేరిందండీ, ఈపాటికి మీ దగ్గరే ఉండాలి!" అన్నాడు బావ. సూర్యాపేటకు కొట్టాడు. "గాడనే ఉంటది సార్, జర మంచిగ సూడుర్రి!" అన్నాడు రాహుల్. మత్తయ్య గేటు దాకా వెళ్లి, ధాన్యం లారీల మధ్యంతా వెతికి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

మధ్యాహ్నానికి ఆయన ఓపిక ఖతమైంది. "టైముకు రానోళ్లకు ఎంత అనుభవముంటే ఏం లాభం? వచ్చినదానివి నువ్వొక్కదానివే. రేపట్నించి పనిలకు రా. గదే నీ కుర్చీ."

జ్యోతి బెంచీ మీంచి లేచింది. మూడేళ్లుగా ఎవరూ అనని మాట అది. నాన్నకు ఫోన్ చేసి చెప్పాలనుకుంది, కానీ తండాలో సిగ్నలుండదు.

"గానీ ఒక్కమాట," అన్నాడు మత్తయ్య. "అనుభవం లేదు కాబట్టి జీతం తక్కువే. గా అనుభవమున్న జ్యోతి ఎప్పుడన్న వస్తే నువ్వు కుర్చీ ఖాళీ చెయ్యాలె."

జ్యోతి కుర్చీ మీది ఊక దులిపి కూర్చుంది.

"వస్తే నాకు గూడ సూపియ్యుర్రి సార్. ఎట్లుంటదో నేను గూడ ఎన్నడు సూడలే."