సారె కమ్మీలు

ఆ ఉదయం మునిప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాహుకాలం రాకముందే పునాదిలో ఈశాన్యం గుంతకు కాంక్రీటు వేయించాలి, వచ్చిన చుట్టాలకు కడుపునిండా అన్నం పెట్టి పంపాలి. తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసే మనిషి అతను. గదులన్నీ నిండిపోయినా యాత్రికుడికి లేదని చెప్పలేక తన కుర్చీ చూపించే రకం. ఊరి చివర ఈ ఇల్లు నిలబడితే భార్య భానుప్రియకు అద్దె ఇళ్ల చుట్టూ తిరగడం తప్పుతుంది. అతనికి అంతకుమించి కోరికేమీ లేదు.

కాదనలేని ఆ గుణమే తీసుకెళ్లి గుంతలో పడేసింది. పునాదికి ఎంత ఇనుము కావాలో ఇంజనీరు రెబెకా ముందే గీసి ఇచ్చింది. మేస్త్రీ ఎల్లప్ప అలాగే కట్టాడు, ఆమె వచ్చి చూసి బాగుందని వెళ్లింది. ఆ తర్వాతే సత్యవేడు నుంచి అత్త వరదమ్మ దిగింది. కూతురి ఇంటికి పుట్టింటి బలం ఉండాలని పసుపుగుడ్డ చుట్టిన కమ్మీలు సారెగా తెచ్చింది. అది చూసి మునిప్రసాద్ తండ్రి మునిరామయ్యకు పౌరుషం వచ్చి, కొడుకు తరఫున అంతకు రెట్టింపు దించాడు. కార్వేటినగరం బావ బాలచంద్ర మాత్రం ఊరుకుంటాడా? ముగ్గురూ తమ కమ్మీలు ఈశాన్యం మూలలోనే పడాలన్నారు. మునిప్రసాద్ ముగ్గురికీ విడివిడిగా అలాగేనని, అన్నీ ఆ గుంతలోనే కట్టించాడు. ఇనుము ఎక్కువైతే ఇల్లు గట్టిపడుతుందే కానీ పోయేదేముందని అందరి ధీమా.

పోయేదేమిటో మొదటి తట్టలతోనే తెలిసింది. సిమెంటు పాలు కిందికి కారిపోయాయి, కంకర మాత్రం ఆరబోసిన వేరుశనక్కాయల్లా కమ్మీల మీదే నిలిచిపోయింది. ఎల్లప్ప కాంక్రీటును కుదిపి కిందికి దించే వైబ్రేటరు గొట్టాన్ని సందులోకి బలవంతంగా దూర్చాడు. దూరింది గానీ తిరిగి రాలేదు. మోటారు ఆపించి దాన్ని లాగబోయిన మునిప్రసాద్ చెయ్యి కూడా మణికట్టు దాకా దిగి అక్కడే ఉండిపోయింది.

షామియానా కిందికి చేరేసరికి ఈ వార్త, నేల అల్లుణ్ణి పట్టుకుని వదలడం లేదన్నట్టు తయారైంది. బాలచంద్ర స్థలదోషమని తేల్చాడు. మునిరామయ్య దిష్టి తీయడానికి గుమ్మడికాయ తెమ్మని మనిషిని తరిమాడు. ఎవరికి తోచిన మొక్కు వాళ్లు మొక్కుతుంటే, భానుప్రియ పక్కకు వెళ్లి రెబెకాకు ఫోన్ చేసింది.

రెబెకా స్కూటర్ దిగి, గుంతలోకి తొంగి చూసింది.

"ఈడ కాంక్రీటుకు చోటు యాడుండాది సార్? ఇనుమును కాంక్రీటు అన్ని పక్కలా పట్టుకుంటేనే బలం. లేకుంటే లోపలంతా డొల్లే, ఈ మూలే ముందు దెబ్బతింటాది. నేను గీసిచ్చినవి తప్ప మిగిలినవన్నీ తీసేయండి."

ఎల్లప్ప ముందుగా సబ్బునీళ్లు పోసి మునిప్రసాద్ చేతిని బయటికి తీశాడు. ఆ తర్వాత, ఎవరి కమ్మీలతో మొదలుపెట్టమంటారని అడిగాడు. మునిప్రసాద్ అత్త మొహం చూశాడు, తండ్రి మొహం చూశాడు, బావ మొహం చూశాడు. చూసి, తన జన్మలోకెల్లా మర్యాదైన నిర్ణయం తీసుకున్నాడు.

"నావి తీసేయప్పా," అన్నాడు.

"లెక్క ప్రకారం ఉండాల్సినవి మీవే సార్," అంది రెబెకా.

అప్పుడు వరదమ్మ కొంగు బిగించి గట్టు మీదికి వచ్చింది. మునిప్రసాద్‌కు భయం వేసింది. పెళ్లిలో మర్యాదలు తక్కువయ్యాయని ఏడాది పాటు అతనితో మాట్లాడని మనిషి ఆమె.

"నా బిడ్డ పండుకునే ఇల్లు గట్టిగుండాలని తెచ్చినాను గానీ, నా గొప్ప సూపించుకోవాలని తేలేదు. ముందు నావి తియ్యి ఎల్లప్పా."

వియ్యపురాలు అంత మాట అన్నాక మునిరామయ్య వెనకబడతాడా? తన వాటి కట్టుతీగలు తనే విప్పుకున్నాడు. బాలచంద్ర చొక్కా విడిచి దిగాడు. ఇవ్వడంలో పోటీ పడ్డవాళ్లు తీయడంలో అంతకన్నా ఎక్కువ పడ్డారు. ఆ ఊపులో అసలు ఉండాల్సినవి కూడా లేచిపోతుంటే, రెబెకా గుంతలోకి దూకి వాటి మీద నిలబడి కాపలా కాయాల్సి వచ్చింది.

నిలిచిపోయిన కంకర ఎత్తిపోసి, కడిగి, మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కాంక్రీటు చెప్పినమాట విన్నట్టు మూలమూలకూ పాకి, రాహుకాలానికి కాస్త ముందే గుంత నిండింది. మునిప్రసాద్‌కు కళ్లు చెమర్చాయి. తన ఇల్లు నిలబడాలని మోసుకొచ్చినవాళ్లే, అది నిలబడడం కోసం మారుమాట లేకుండా వెనక్కి మోశారు. అత్త కాళ్లకు దండం పెట్టబోతే ఆమె అతని భుజం పట్టుకుని ఆపింది.

"నాకెందుకు నాయనా, ముందు ఆ ఇంజనీరు పాపకు అన్నం పెట్టు పో," అంది.

రెబెకాను షామియానా కింద కూర్చోబెట్టి, వరదమ్మ ఒక పక్క, మునిరామయ్య ఒక పక్క, బాలచంద్ర ఎదురుగా గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. ఎక్కువైందని ఆమె ఎంత మొత్తుకున్నా, ఆ విస్తరిలోంచి మాత్రం ఎవరూ ఏమీ తీయలేదు.