ల్యాగు తల్లి చల్లని చూపు

ఇంటర్నెట్‌లో ల్యాగు లేకపోతే మన సంసారాలు ఏనాడో గంగలో కలిసేవి! నవ్వకండి.

ల్యాగంటే తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. కంప్యూటర్‌లో తుపాకి ఆట ఆడేవాడు మీట ఇప్పుడు నొక్కుతాడు. గుండు తనకు తోచినప్పుడు పేలుతుంది. ఈలోగా శత్రువు తీరిగ్గా వచ్చి, వీణ్ని కాల్చి, తన దారిన పోతాడు.

ఎంత ధర్మం! శత్రువుకు ప్రాణదానం! చచ్చినవాడికి 'తప్పు నాది కాదు, నెట్‌ది' అనే తృప్తి! తన గురి బాగాలేదని ఒప్పుకున్న మగవాణ్ని మీరెక్కడైనా చూశారా?

షాద్‌నగర్ ఐలేశాన్నే తీసుకోండి. ఏళ్ల తరబడి ఎదురుచూడగా తొంభై తొమ్మిదిలో ఇంటికి ఫోనొచ్చింది. దాని వెనకే కంప్యూటరూ వచ్చింది. ముందుగదిలో ఒక ఫోను, అదే లైను మీద వంటింట్లో ఇంకొకటి. నెట్ నడిచేదీ ఆ లైను మీదే. ఆయన యుద్ధంలోకి దిగితే రెండూ మౌనవ్రతమే!

ఒకరోజు పొద్దున్నే రామన్నపేట నుంచి కబురొచ్చింది. ఐలేశం భార్య అండాలుకు ఒక్కగానొక్క చెల్లెలు నిర్మల. ఆమెను కాన్పుకు తీసుకుపోయారు.

"ఏమయ్యా, దవాఖాన నుంచి మరిది ఫోన్ చేస్తనన్నడు. నాకు పానం కొట్టుకుంటాంది. జర గా ఆట బంద్ పెట్టు."

"పెడ్తనే, గీ ఒక్కణ్ని చంపి!"

అన్నం చల్లారింది. చారు రెండోసారి కాగింది. ఆ ఒక్కడు మాత్రం చావలేదు!

అండాలు ఇంకోసారి అడిగింది. మళ్లీ అడిగింది. తర్వాత వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు కరుణించింది ల్యాగు తల్లి! తెర మీది సిపాయి ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

"అగో, మళ్ల ల్యాగ్!" ఐలేశం నెత్తి కొట్టుకున్నాడు. "నర్సింహస్వామీ! గీ పీడ పోతే గుట్టకొచ్చి గుండు ఇస్త!"

"తుపాకిల గుండే పేల్తలేదు, నీ గుండు ఎవలికి గావాలె భాయ్?" అన్నాడు పక్కనే కూర్చున్న దోస్తు వహీద్.

అంతలో నెట్ పుటుక్కున తెగింది. మరుక్షణం ఫోను మోగింది.

"వదినా! బిడ్డ పుట్టింది! తల్లీబిడ్డ మంచిగున్నరు. పొద్దుగాల సంది చేస్తున్న, ఎప్పుడు జూసినా ఎంగేజే!"

అండాలు కళ్లు తుడుచుకుని, ముందుగదిలోకి వచ్చి శుభవార్త చెప్పింది. ఐలేశం ఎగిరి గంతేశాడు.

"చూసినవానే! ల్యాగ్ రాబట్టే ఫోన్ కలిసింది!"

"ఔ. తల్లి చల్లగ చూసింది."

అక్కచెల్లెళ్లారా, మీకు మాత్రమే చెప్పే రహస్యం: నెట్ నడుస్తుండగా వంటింటి ఫోను ఎత్తితే చాలు, ఎంతటి సైన్యమైనా ఆగిపోతుంది. ఇంకాసేపు అట్లాగే పట్టుకుంటే నెట్టే తెగిపోతుంది. ఫోను పెట్టేయగానే లైను మన చేతికొస్తుంది.

గుట్ట మీది స్వామికి ఆ మొక్కు ఇంకా చెల్లలేదు. ఐలేశం జుట్టుకొచ్చిన ఢోకా ఏమీ లేదు. భార్య ఒక్క పిలుపుకే పలకడం నేర్చుకున్నాడా, ల్యాగు పీడా పోతుంది, ఇక ఆ గుండూ తప్పదు!